బుడోకాన్ కచేరీలో టామీ బోలిన్: ఆ ఒక్క రాత్రిని బట్టి డీప్ పర్పుల్ నాలుగో లైనప్‌ను అంచనా వేయవచ్చా?

గోదారి శ్రోత (ప్రశ్న):

డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందం సంగీతాన్ని చాలాకాలంగా వింటున్నాను గానీ, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వెళ్లిపోయాక అతడి స్థానంలో టామీ బోలిన్ చేరడంతో ఏర్పడి 1976లో బృందం రద్దయ్యేదాకా కొనసాగిన నాలుగో లైనప్‌ను (సభ్యుల కూర్పును) నేను పెద్దగా పట్టించుకోలేదు. ఈమధ్య 2011లో వచ్చిన ‘ఫీనిక్స్ రైజింగ్’ డీవీడీ చూశాను. అందులో 1975 డిసెంబరు 15న టోక్యోలోని బుడోకాన్‌లో జరిగిన కచేరీ నుంచి సుమారు అరగంట దృశ్యాలూ, వాటికి తోడు ఆ రోజుల గురించి ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్, బాస్ గిటారు వాయిస్తూ పాడే గ్లెన్ హ్యూస్ ప్రధానంగా మాట్లాడిన ఒక డాక్యుమెంటరీ ఉన్నాయి.

కచేరీ భాగం చూస్తున్నంతసేపూ నన్ను ఒక అనుమానం వెంటాడింది. డేవిడ్ కవర్‌డేల్, హ్యూస్ ఇద్దరూ గొంతు చించుకుని పాడుతున్నారు, ఇయన్ పేస్ డ్రమ్స్ మీద ఎప్పటిలాగే నిప్పులు చెరుగుతున్నాడు, లార్డ్ ఆర్గాన్ వేదికంతా పరుచుకుని ఉంది. కానీ గిటారు మాత్రం ఉందా లేదా అన్నట్టుగా ఉంది. 1972లో ఇదే బృందం ఒసాకాలోనూ, ఇదే బుడోకాన్‌లోనూ రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ విని పెరిగిన చెవులకు ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. టామీ బోలిన్‌కు ఈ తరహా సంగీతం చేతకాలేదా, లేక ఆ రాత్రికే ఏదైనా ప్రత్యేకమైన కారణం ఉందా? డాక్యుమెంటరీ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

ఆరో తీగ:

శ్రోత గారూ, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవచ్చు. ఆ రాత్రి బోలిన్ ఎడమ చెయ్యి సరిగా పనిచేయలేదు. అంతకుముందు కచేరీలు చేసిన జకార్తా నుంచి జపాన్ వచ్చేలోగా, మాదకద్రవ్యం మత్తులో ఆ చెయ్యి ఒంటి కింద నలిగేలా గంటల తరబడి నిద్రపోవడం వల్ల నరాలు దెబ్బతిని వేళ్లలో పట్టు పోయిందని బృందంలోని వారే తరువాత చెప్పారు. కుడిచేతి వాటం గిటారిస్టుకు తీగలను నొక్కేది ఎడమ చెయ్యే కాబట్టి, అది మొద్దుబారితే కుడి చెయ్యి ఎంత చురుగ్గా మీటినా ప్రయోజనం ఉండదు.

దీన్ని మనసులో పెట్టుకుని ఆ అరగంటను మళ్లీ చూడండి. ‘బర్న్’ పాట రిఫ్ (పాటలో పదేపదే తిరిగొచ్చే గిటారు వరుస) వేగంగా పరుగెత్తే స్వరాల వరుస. వేళ్లు ఒకదాని వెంట ఒకటి ఖచ్చితంగా పడకపోతే అది చెదిరిపోతుంది. ‘హైవే స్టార్’ సోలో అంతకన్నా కఠినం. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ మాత్రం రెండు తీగలను ఒకే వేలితో కలిపి నొక్కినా పలుకుతుంది కనుక, అక్కడ అతడు కాస్త నిలదొక్కుకుంటాడు. మిగిలిన చోట్ల అతడు స్లైడ్‌ను ఆశ్రయించాడు. మన గోటువాద్యంలో వేళ్లతో నొక్కకుండా కర్రను తీగల మీద జరుపుతూ వాయించినట్టే, ఇందులోనూ వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జారుస్తారు. వేళ్లకు బలం లేనివాడికి అది ఒక ఊతకర్ర లాంటి ఉపాయం. సాగదీసిన స్వరాలు దానితో బాగానే పలుకుతాయి గానీ, బ్లాక్‌మోర్ కోసం కట్టిన పాటలకు కావలసిన పదును రాదు.

ఇక ఆర్గాన్ సంగతి. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ను గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయర్లకు కలిపి, ఆ ధ్వనిని కావాలనే గరుకుగా మార్చేవాడు. మామూలు రోజుల్లో అది గిటారును అంటిపెట్టుకుని నడుస్తుంది. బుడోకాన్‌లో గిటారు తప్పుకున్న ఖాళీలన్నిటినీ అదే పూరించింది. మిక్సింగ్‌లో కూడా గిటారు మట్టాన్ని బాగా తగ్గించారు. 1977లో జపాన్‌లో ‘లాస్ట్ కాన్సర్ట్ ఇన్ జపాన్’ అన్న పేరుతో ఒకే రికార్డుగా కుదించి దీన్ని విడుదల చేసినప్పుడు చాలామంది బోలిన్ గురించి మొదటిసారి ఒక అభిప్రాయానికి వచ్చారు. పాపం, అప్పటికి అతడు బతికి లేడు. 2001లో ‘దిస్ టైమ్ అరౌండ్’ పేరుతో కచేరీ మొత్తం వచ్చింది. లోపాలు అందులోనూ ఉన్నాయి, అయితే ఆ లోపాల మధ్య ఒక మనిషి ఏదో ఒకటి వాయించడానికి ఎంత తంటాలు పడ్డాడో కూడా అందులో వినిపిస్తుంది.

పాత క్యాసెట్:

ఆరో తీగ గారి సాంకేతిక వివరణతో నాకు పేచీ లేదు. కానీ ఆ చెయ్యి అలా ఎందుకు అయిందన్నది వదిలేసి చెయ్యి గురించే మాట్లాడితే కథలో సగమే చెప్పినట్టవుతుంది.

ఈ లైనప్ పుట్టుకలోనే బీటలున్నాయి. ‘స్టార్మ్‌బ్రింగర్’ ఆల్బం నాటికి బృందం సోల్, ఫంక్ సంగీత రీతుల వైపు మొగ్గడం నచ్చక బ్లాక్‌మోర్ 1975లో బయటికి నడిచాడు. డ్రమ్మర్ బిల్లీ కోబం ‘స్పెక్ట్రమ్’ ఆల్బంలో బోలిన్ వాయించినది విని కవర్‌డేల్ అతడి పేరు సూచించాడు. అది జాజ్ రాక్ ఆల్బం అన్నది గమనించండి. అంటే, బ్లాక్‌మోర్‌కు నకలు కావాలని ఎవరూ అతణ్ని తీసుకోలేదు. కొత్త రక్తం కావాలనే తీసుకున్నారు. ఈ లైనప్ మ్యూనిక్‌లో రికార్డు చేసిన ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ ఆల్బం వింటే ఆ ఎంపిక తప్పు కాదని నాకు అనిపిస్తుంది. అయితే అక్కడే హ్యూస్ కొకెయిన్ వ్యసనం ముదిరి కొంతకాలం బృందానికి దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ ఆల్బంలోని ‘కమిన్ హోమ్’ పాటలో బాస్ కూడా బోలినే వాయించాడు. ఒకవైపు హ్యూస్, మరోవైపు బోలిన్, ఇద్దరివీ రెండు వేరు వేరు వ్యసనాలు. లార్డ్, పేస్ నడుస్తున్న బండిని ఆపకుండా తోయడానికే సరిపోయారు.

జకార్తా సంగతి డాక్యుమెంటరీలో మీరు చూసే ఉంటారు. 1975 డిసెంబరు 4, 5 తేదీల్లో అక్కడ రెండు కచేరీలు జరిగాయి. మొదటి కచేరీ తరువాత, హోటల్లో బృందం సహాయకుల్లో ఒకతను లిఫ్టు గోతిలో పడి మరణించాడు. హ్యూస్‌నూ, మరో ఇద్దరు సహాయకులనూ పోలీసులు పట్టుకెళ్లారు. రెండో కచేరీకి తనను తుపాకీ నీడలో తీసుకొచ్చి వాయింపజేశారని హ్యూస్ చెబుతాడు. ప్రేక్షకుల మీదికి పోలీసులు కుక్కల్ని వదలడం, లాఠీలు ఝళిపించడం కూడా జరిగింది. అంత జరిగాక మిగిలిన పర్యటన రద్దు చేసుకుని ఇంటికి వెళ్లడం సహజం. వీరు మాత్రం నేరుగా జపాన్ వెళ్లి, మూడు రోజుల్లోనే నగోయాలో వేదిక ఎక్కారు. బుడోకాన్ దృశ్యాల్లో మనం చూస్తున్నది ఆ స్థితిలో ఉన్న అయిదుగురిని. గిటారిస్టు ఒక్కడి మీద కెమెరా నిలిపి దోషం వెదకడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అయితే, మరీ జాలిపడి అతణ్ని పూర్తిగా వెనకేసుకురావడం కూడా సరికాదు. చెయ్యి కోలుకున్నాక కూడా అన్ని రాత్రులూ బాగా గడవలేదు. 1976 మార్చిలో ఇంగ్లండ్‌లో జరిగిన చివరి కచేరీల్లో ప్రేక్షకులు బ్లాక్‌మోర్ పేరు ఎత్తి అరుస్తుంటే అతడు తట్టుకోలేకపోయాడు. వెంబ్లీలో కచేరీ దారుణంగా ఉందన్నది బృందం కూడా ఒప్పుకున్న మాటే.

గోదారి శ్రోత:

ఇద్దరికీ ధన్యవాదాలు. సహాయకుడి మరణాన్ని చూశాను గానీ, నగోయా కచేరీకి ముందు దొరికిన విరామం మూడు రోజులేనని గమనించలేదు. అలాగైతే అడగవలసిన అసలు ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ లైనప్ బాగా వాయించిన రాత్రి ఏదైనా రికార్డుల్లో ఉందా? ఉంటే, దాన్ని పక్కన పెట్టుకుని బుడోకాన్ దృశ్యాలను మళ్లీ చూడాలనుకుంటున్నాను.

హామండ్ అభిమాని:

ఉంది. 1976 ఫిబ్రవరి 27న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ అరీనాలో జరిగిన కచేరీని అమెరికా రేడియో కోసం రికార్డు చేశారు. తరువాత అది రెండు మూడు పేర్లతో విడుదలైంది. 1995లో ‘ఆన్ ద వింగ్స్ ఆఫ్ ఎ రష్యన్ ఫాక్స్‌బ్యాట్’ అన్న పేరుతో వచ్చింది వాటిలో ఒకటి. బుడోకాన్ తరువాత రెండున్నర నెలలు కూడా గడవలేదు, అదే బృందం, దాదాపు అవే పాటలు. అక్కడ బోలిన్ గిటారు ముందువరుసలో ఉంటుంది. ఎకోప్లెక్స్ అనే టేపు యంత్రంతో తన స్వరాలకు తానే ప్రతిధ్వనులు పుట్టించుకుంటూ, వాటితో ఆటలాడుతూ వాయిస్తాడు. బ్లాక్‌మోర్ సోలోలు యథాతథంగా వినాలనుకునేవారికి అది రుచించకపోవచ్చు. నాకైతే ఆ స్వేచ్ఛే నచ్చింది. అతడి సొంత ఆల్బం ‘టీజర్’ నుంచి ‘వైల్డ్ డాగ్స్’ పాటను ఈ బృందం వేదికల మీద వాయించేది, పాడేది కూడా అతడే. బుడోకాన్ పూర్తి రికార్డులోనూ ఆ పాట ఉంది కాబట్టి రెండిటినీ పక్కపక్కన వినండి. చెయ్యి బాగున్న రోజుకూ, బాగులేని రోజుకూ ఎంత తేడా ఉందో ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది.

మీరు మొదట అడిగిన రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను ప్రయత్నిస్తాను. డాక్యుమెంటరీని నమ్మవచ్చు, కానీ అది ఎవరి కథ అన్నది మరిచిపోకూడదు. అయిదుగురిలో మనకు కథ చెబుతున్నది ప్రధానంగా ఇద్దరే. హ్యూస్ తన వ్యసనం గురించి దాపరికం లేకుండా మాట్లాడతాడు, అది మెచ్చుకోదగ్గదే; అయినా అది వ్యసనం నుంచి బయటపడి, ముప్పై అయిదేళ్ల తరువాత వెనుదిరిగి చూసుకుంటున్న మనిషి మాట. లార్డ్ ఎంతో మర్యాదగా మాట్లాడతాడు, అంత బాధ చెబుతున్నా గొంతు పెంచడు. ఆ మర్యాదలో పడి మనం ఒక విషయం అడగడం మరిచిపోతాం. ఆ రాత్రి బోలిన్ వేదిక ఎక్కే స్థితిలో లేడని తెలిసి కూడా, కచేరీ జరిపి, పైగా దాన్ని రికార్డు చేసి, కెమెరాలతో చిత్రీకరించాలన్న నిర్ణయం ఎవరిది? టిక్కెట్లు అమ్ముడైన బుడోకాన్‌ను రద్దు చేయడం తేలిక కాదని ఒప్పుకుంటాను. కానీ ఆ నిర్ణయం మూల్యాన్ని అందరికన్నా ఎక్కువగా చెల్లించింది, దాని గురించి ఈ డాక్యుమెంటరీలో జవాబు చెప్పుకునే అవకాశం లేనివాడు.

మరొకటి కూడా గమనించవలసి ఉంది. బోలిన్ ‘టీజర్’, డీప్ పర్పుల్ ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ దాదాపు ఒకే సమయంలో మార్కెట్లోకి వచ్చాయి. తన ఆల్బం కోసం ఊరూరా తిరగవలసిన రోజుల్లో అతడు మరొకరి పాత పాటలు వాయిస్తూ తిరిగాడు. బ్లాక్‌మోర్ నీడ ఒకటే కాదు, తన సొంత పని మూలబడిందన్న దిగులు కూడా అతడికి ఉండేదని నేను అనుకుంటాను. డాక్యుమెంటరీలో ఈ కోణానికి తగినంత చోటు దొరకలేదు.

పాత క్యాసెట్:

అభిమాని గారూ, నిర్ణయం ఎవరిదన్న మీ ప్రశ్న సబబే గానీ, లార్డ్ మీద మీరు కొంచెం కఠినంగా ఉన్నారనిపిస్తుంది. బృందాన్ని ఆపడం అంటూ చివరికి చేసింది కూడా లార్డ్, పేస్ ఇద్దరే కదా. 1976 మార్చి 15న లివర్‌పూల్ ఎంపైర్‌లో కచేరీ ముగిశాక కవర్‌డేల్ కన్నీళ్లతో వచ్చి తాను తప్పుకుంటున్నానని చెబితే, తప్పుకోవడానికి ఇక బృందమే లేదని అతడికి జవాబు వచ్చిందని చెబుతారు. ఆ మాట జులైలో గానీ అధికారికంగా బయటికి రాలేదు. ఆ తరువాత బోలిన్ సొంత బృందంతో పర్యటించాడు. డిసెంబరు 3న మయామీలో గిటారిస్టు జెఫ్ బెక్ కచేరీకి ముందు వాయించి, 4వ తేదీ తెల్లవారేసరికి హోటల్ గదిలో మాదకద్రవ్యాలు వికటించి చనిపోయాడు. వయసు 25. జకార్తా మొదటి కచేరీకి అప్పటికి సరిగ్గా ఏడాది.

హామండ్ అభిమాని:

ఒప్పుకుంటాను, ఆపినందుకు వారిద్దరికీ మార్కులు వేయవలసిందే. ఇంకాస్త ముందే ఆపవలసిందన్నదే నా అభిప్రాయం.

శ్రోత గారికి వరుస ఇలా సూచిస్తాను. ముందు ‘కమ్ టేస్ట్ ద బ్యాండ్’ వినండి, వీలైతే 2010లో కెవిన్ షర్లీ చేసిన కొత్త మిక్స్‌లో. అందులో గిటారు మరింత స్పష్టంగా ఉంటుంది. తరువాత లాంగ్ బీచ్. ఆపైన 2001లో వచ్చిన బుడోకాన్ పూర్తి రికార్డు. డీవీడీలోని అయిదు పాటల దృశ్యాలను అన్నిటికన్నా చివర చూడండి. వాటిలో ‘యూ కీప్ ఆన్ మూవింగ్’ వచ్చినప్పుడు గిటారు కోసం వెదకడం మానేసి, కవర్‌డేల్, హ్యూస్ గొంతులు ఒకదానిలో ఒకటి కలిసే తీరును గమనించండి. బ్లాక్‌మోర్ ఉన్నప్పుడు వద్దని పక్కన పెట్టిన పాట అది.