దోన్సెయాలా, దుయెన్యాలా: ఇంతకీ గుర్రాన్ని ఎవరు చూసుకున్నారు?

అడిగినవారు, శాన్ ఆంటోనియో నుంచి:
పెద్దలకు నమస్కారం. నాలుగు రోజులుగా ఒక పద్యపాదం నోట్లో నానుతూ ఉంది కాని, ఎక్కడ తప్పుతున్నానో తేలడం లేదు. స్పానిష్ నేర్చుకునే రోజుల్లో కంఠస్థం చేసిన లాన్సరోతె (ఇంగ్లీషువారి లాన్సెలాట్) అనే వీరుడి పాటలో "దుయెన్యాస్ కురాబాన్ దెల్, దోన్సెయాస్ దెల్ సు రొసీనో" అని, అంటే దుయెన్యాలు (కొలువులోని పెద్ద ఆడవాళ్లు) అతణ్ణి, దోన్సెయాలు (కన్నెలు) అతని గుర్రాన్ని చూసుకున్నారని, ఉన్నట్టు నా జ్ఞాపకం. తీరా సెర్వాంతెస్ నవల దోన్ కిహోతె మొదటి భాగం రెండవ అధ్యాయం తెరిస్తే "దోన్సెయాస్ కురాబాన్ దెల్, ప్రిన్సేసాస్ దెల్ సు రొసీనో" అని, అంటే వీరుడికి దోన్సెయాలు, గుర్రానికి రాకుమార్తెలు అని, కనిపించింది. వీరుడికి సేవ చేసింది దుయెన్యాలా, దోన్సెయాలా? గుర్రం ఎవరి వంతుకు వచ్చింది? ఈ పాదాలను తెలుగు చేద్దామని కూర్చున్నాను. దోన్సెయాను 1885 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఆర్మ్స్‌బీ "మెయిడెన్" అన్నాడు. కన్నెకూ పనిమనిషికీ ఇంగ్లీషులో ఒకటే మాట కావడం వల్ల ఆయన గట్టెక్కాడు. మనకు కన్నె వేరు, పనిమనిషి వేరు. ఏ మాట వేయమంటారు?

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, మీ జ్ఞాపకమూ సరైనదే, పుస్తకమూ సరైనదే. మీకు గుర్తున్నది పాత పాట పాఠం. దాన్నే 1605లో సెర్వాంతెస్ తన వీరుడి నోట వంకరగా పలికించాడు. పాత పాటలో దుయెన్యాలు మనిషిని చూసుకుంటే దోన్సెయాలు గుర్రాన్ని చూసుకున్నారు. మన వీరుడు అందరినీ ఒక్కో మెట్టు పైకి జరిపి, దోన్సెయాలను తనకు ఉంచుకుని, గుర్రానికి ఏకంగా రాకుమార్తెలను పురమాయించాడు.

ఇక మాటల సంగతి. దుయెన్యా లాటిన్ దోమినా నుంచి వచ్చింది, అంటే యజమానురాలు. దోన్సెయా ఆ దోమినాకే అల్పార్థక రూపం, అంటే చిన్న దొరసాని. ఇంగ్లీషు డామ్‌సెల్ కూడా ఫ్రెంచి మీదుగా అక్కడి నుంచే వచ్చింది. ఒకే తల్లికి పుట్టిన ఈ రెండు మాటలూ చివరకు కొలువులో తేలాయి. దొరసాని అన్న మాట పెద్దింట్లో పడుచులను కాపలా కాసే నడివయసు వితంతువు దగ్గరికీ, చిన్న దొరసాని అన్న మాట అమ్మగారి తల దువ్వే పిల్ల దగ్గరికీ దిగజారాయి. మొదటిదాన్ని ఇంగ్లీషువారు అనువదించలేక డుఎన్నా అని అలాగే ఎత్తుకుపోయారు. తెలుగులో దోన్సెయాకు "ఊడిగపు పడుచు" అనండి, సరిపోతుంది.

మాడ్రిడ్ నుంచి:
మాస్టారు మూడో పాఠాన్ని వదిలేశారు. 1615లో వచ్చిన రెండవ భాగం 31వ అధ్యాయంలో దోన్ కిహోతె సేవకుడు సాంచో ఇదే పాదాన్ని "దామాస్ కురాబాన్ దెల్, దుయెన్యాస్ దెల్ సు రొసీనో" అని చదువుతాడు, దామాలంటే గొప్పింటి స్త్రీలు. డ్యూక్ గారి కోటలో అడుగుపెట్టగానే సాంచో, అక్కడ కనిపించిన దోన్యా రొద్రీగెస్ అనే దుయెన్యాను పిలిచి, వాకిట్లో తన గాడిద ఉందనీ, పాపం ఒంటరిగా ఉండలేని పిరికిదనీ, కాస్త లాయంలో కట్టేయమనీ అడుగుతాడు. ఈ ఇంటి దుయెన్యాలకు అటువంటి పనులు అలవాటు లేదని ఆవిడ మండిపడితే, లాన్సరోతె గుర్రాన్ని దుయెన్యాలే చూసుకున్నారని మా దొర చెప్పగా విన్నానని అతడు ఈ పాదాన్ని సాక్ష్యంగా తెస్తాడు. ఆవిడ అతణ్ణి వెల్లుల్లి మెక్కిన తుంటరీ అని తిట్టి పోస్తుంది. గొడవంతా ఒక్క మాట అర్థం మీదనే. సాంచోకు దుయెన్యా అంటే ఇంట్లో పని చేసే ఆడమనిషి, ఆవిడకు మాత్రం అది పదవి. కాబట్టి దుయెన్యాకు తెలుగులో ఏ మాట వేసినా, అందులో పనీ ఉండాలి, ఆ పని నాది కాదనే పొగరూ ఉండాలి.

విశాఖపట్నం నుంచి:
పాదంలో అసలు చిక్కు దోన్సెయా కాదు, "కురాబాన్". కురార్ అంటే నయం చేయడం కదా. వీరుడికి గాయాలు అయితే కన్నెలు కట్టు కట్టారనుకుందాం, గుర్రానికి ఏ జబ్బు చేసింది?

రాజమండ్రి మాస్టారు:
నాయనా, అది నేటి అర్థం. ఆ పాట నాటికి కురార్ అంటే శ్రద్ధ పెట్టి చూసుకోవడం. దానికి తెలుగులో అచ్చు గుద్దినట్టు సరిపోయే మాట "కనిపెట్టుకొను". మంచాన పడిన ముసలాయనను కోడలు కనిపెట్టుకుని ఉందంటాం కదా.

అడిగినవారు, శాన్ ఆంటోనియో నుంచి:
మాస్టారూ, చాలా బాగుంది. అయితే ఇలా రాయవచ్చునా: "కన్నెలు కనిపెట్టుకొనిరి తన్ను, రాకన్నెలు తన తేజిని." కన్నె, రాకన్నె అన్నప్పుడు మూలంలో లేని అందం ఒకటి వచ్చింది కాని, రొసీనో బక్కచిక్కిన గుర్రం కాబట్టి తేజి, అంటే మేలుజాతి గుర్రం, అనడానికి మనసొప్పడం లేదు.

విశాఖపట్నం నుంచి:
మాస్టారి మాట మీద గౌరవంతోనే అంటున్నాను. ఈ కాలపు పాఠకుడికి "కనిపెట్టడం" అంటే కొత్తగా ఒక యంత్రాన్ని సృష్టించడం. కన్నెలు కలిసి ఒక వీరుణ్ణి కనిపెట్టారని చదివి నవ్వుకుంటాడు.

మాడ్రిడ్ నుంచి:
నవ్వుకోవడమే కావాలి కదా. దోన్ కిహోతె ఒక సత్రానికి చేరి ఈ పాట పాడే సన్నివేశం గుర్తు చేసుకోండి. సత్రం గుమ్మంలో నిలబడిన ఆ ఇద్దరూ ఒళ్లు అమ్ముకుని బతికే ఆడవాళ్లు. దోన్ కిహోతె వాళ్లను దోన్సెయాలని సంబోధిస్తే, తమ వృత్తికి అంత దూరమైన మాట చెవిన పడగానే వాళ్లు నవ్వు ఆపుకోలేకపోతారు. వాళ్లే ఆయన కవచం విప్పుతారు కాని, ఆకుపచ్చ రిబ్బన్లతో ముళ్లు వేసి కట్టుకున్న శిరస్త్రాణం ఎంతకీ రాదు, ఆ రిబ్బన్లు కోయడానికి ఆయన ఒప్పుకోడు. రాత్రంతా దానితోనే ఉంటాడు. భోజనం వేళ వాళ్లలో ఒకామె నోటికి ముద్ద అందిస్తే, తాగడానికి సత్రంవాడు రెల్లు కాడను గొట్టంగా తొలిచి, ఒక చివర ఆయన నోట్లో పెట్టి, రెండో చివర నుంచి ద్రాక్షసారా పోస్తాడు. ఈ పాట పాడింది ఆ ఇద్దరి సేవను మెచ్చుకునే. ఇక్కడ "ఊడిగపు పడుచు" అంటే హాస్యం చచ్చిపోతుంది, ఎందుకంటే వాళ్లు నవ్వింది పడుచు అన్నందుకు కాదు, కన్నె అన్నందుకు. కన్నె అనే ఉంచాలి.

శాంతియాగో, చిలీ నుంచి:
పుస్తకం నుంచి కాస్త ఇళ్లలోకి వద్దాం. నేనుండే ఊళ్లో దోన్సెయా అంటే ఎవరూ పలకరు. ఇక్కడ ఇంటిపనిచేసే ఆమెను నానా అంటారు, పిల్లలను చూసినా, వంట చేసినా, ఇల్లు తుడిచినా ఆమె నానాయే. ఇంగ్లీషులో దీనికి నానీ అని రాస్తే సగం పని ఎగిరిపోతుంది, మెయిడ్ అని రాస్తే పిల్లాడిని చంకనెత్తుకున్న సగం ఎగిరిపోతుంది. చట్టంలో ఉన్న మాట "త్రబహదోరా దె కాసా పర్తికులార్", అంటే సొంత ఇళ్లలో పనిచేసే కార్మికురాలు. ఆ ఇంట్లోనే ఉండే ఆమెది "తలుపుల లోపల" ఉద్యోగం, సాయంత్రం ఇంటికి వెళ్లే ఆమెది "తలుపుల బయట" ఉద్యోగం. మెక్సికోలో ఇంట్లోనే ఉండే ఆమెను "దె ప్లాంతా" అనీ, వచ్చిపోయే ఆమెను "దె ఎంత్రాదా పోర్ సలీదా" అనీ అంటారు, అర్జెంటీనాలో ఇంట్లోనే ఉండే ఉద్యోగాన్ని "మంచంతో" అంటారు. లివ్-ఇన్ అనే ఇంగ్లీషు మాటలో తలుపూ లేదు, మంచమూ లేదు.

అర్జెంటీనాలో మూకామా అనే ఇంకో మాట ఉంది. అది బ్రెజిల్ పోర్చుగీసు మీదుగా ఆఫ్రికా నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ఆ మాట ఏ ఓడలో వచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

మాడ్రిడ్ నుంచి:
ఇక్కడి సంగతీ చెబుతాను. చట్టంలో "ఎంప్లెయాదా దె ఒగార్", అంటే ఇంటి ఉద్యోగిని, అంటారు. ఇల్లిల్లూ తిరిగి పనిచేసే ఆమెను పాతకాలపు వారు అసిస్తెంతా అంటారు, ఇంకా పెద్దవాళ్లు చనువుగా చాచా అంటారు. ముచాచా, అంటే పిల్ల, అన్న మాటను తుంచితే వచ్చినదే చాచా. అరవై ఏళ్ల ఆమెనూ "పిల్ల" అనే పిలుస్తారన్నమాట. మనవాళ్లు జుట్టు నెరిసిన ఆమెను "మా పనిపిల్ల" అన్నట్టే. 2022లో చట్టం మార్చి వీళ్లకు నిరుద్యోగ భృతి హక్కు కల్పించినప్పుడు నేను చూసిన పత్రికలలో చాచా కనిపించలేదు, ఎంప్లెయాదా మాత్రమే కనిపించింది.

మా వీధి దీపస్తంభాలకు అంటించిన కాగితాలు చూస్తే మరో ముచ్చట తెలుస్తుంది. అడుగున ఫోన్ నంబర్లను చింపుకుపోవడానికి వీలుగా దువ్వెన పళ్లలా కత్తిరించి ఉంటాయి. పని వెతుక్కునే ఆమె తన గురించి తాను ఎంప్లెయాదా అనీ రాసుకోదు, క్రియాదా (పనిమనిషి) అని అసలే రాసుకోదు. "బాధ్యత గల సెన్యోరా (దొరసాని) పని కోరుతున్నది" అని రాసుకుంటుంది. మాస్టారు చెప్పిన దొరసాని మళ్లీ గడప తొక్కింది.

హైదరాబాద్ డాక్టరమ్మ:
క్రియాదా గురించి ఎవరూ మాట్లాడరేమిటి? అన్నిటిలోకీ నన్ను కదిలించేది ఆ మాటే. క్రియార్ అంటే పెంచడం, కాబట్టి క్రియాదా అంటే పెంచబడినది. దొరగారింట పెరిగి అక్కడే సేవ చేసినవారికి వచ్చిన పేరు అది. ఇంగ్లీషు సర్వెంట్‌లో సేవ ఉంది గాని పెంపకం లేదు. పెంకి పిల్లవాణ్ణి మాల్‌క్రియాదో అంటారు, అందులో ఉన్నదీ ఈ పెంపకమే.

వాల్మీకి మంథరను ప్రవేశపెట్టిన శ్లోకం చూడండి: "జ్ఞాతిదాసీ యతోజాతా కైకేయ్యాస్తు సహోషితా." పుట్టింటి దాసి, ఎక్కడో పుట్టినది, కైకేయితో కలిసి ఉన్నది. ఆ "సహోషితా"యే నా లెక్కలో క్రియాదా.

రాజమండ్రి మాస్టారు:
డాక్టరమ్మగారూ, సహోషితా అంటే కలిసి నివసించినది అని మాత్రమే అర్థం, పెంపకం అందులో లేదు. అక్కడ ఆలోచించదగ్గది "యతోజాతా". ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదన్న ఆ మాటలోనే ఆమె బతుకంతా ఉంది.

మనకు దోన్సెయాకు సాటి రాగల మాట మరొకటి ఉంది, సైరంధ్రి. అమరకోశం రాసిన అమరసింహుడు "సైరంధ్రీ పరవేశ్మస్థా స్వవశా శిల్పకారికా" అన్నాడు. పరుల ఇంట ఉంటుంది, తన వశంలో తాను ఉంటుంది, చేతిలో విద్య ఉంటుంది. చిలీవారి "తలుపుల లోపల" అన్న మాట ఈ "పరవేశ్మస్థా"కు అనువాదంలా లేదూ? కాని వారి మాటలో "స్వవశా" ఎక్కడుంది? తిక్కన విరాటపర్వంలో మాలిని అన్న పేరుతో సుదేష్ణ కొలువులో చేరిన ద్రౌపదిని తలుచుకోండి. తల దువ్వే పని, గంధం తీసే పని చేస్తూనే ఆమె ఎవరికీ దాసి కాదు. తిక్కన ఆ గీత చెరగకుండా ఎంత జాగ్రత్తగా నడిపాడో చదివినవారికి తెలుసు. దోన్యా రొద్రీగెస్ పొగరుకు పుట్టిల్లు అదే.

విశాఖపట్నం నుంచి:
మాస్టారు తిక్కన దగ్గరికి వెళితే ఇక తిరిగి రారు. నేను ఒక్క అక్షరం అడుగుతాను. దోన్ కిహోతె ఇంట్లో నలభై దాటిన ఆమా, ఇరవై నిండని మేనకోడలు ఉన్నారని మొదటి అధ్యాయంలోనే ఉంది. ఇంగ్లీషులో ఆ ఆమాను హౌస్‌కీపర్ అన్నారు. అదే మాటకు స్పానిష్‌లో యజమానురాలు అనీ అర్థం ఉంది, పాలిచ్చి పెంచే దాది అనీ అర్థం ఉంది. ఇది మన "అమ్మ" కాక మరేమిటి? ఇంటావిడనూ అమ్మగారంటాం, పని చేసే ఆమెనూ పనమ్మ అంటాం. రెండూ ఒక్క అక్షరం మీదనే నిలబడ్డాయి.

హైదరాబాద్ డాక్టరమ్మ:
పోలిక బాగుంది కాని చుట్టరికం లేదు. పసిపిల్లల నోట చాలా దేశాల్లో తొలినాళ్లలో వచ్చే ధ్వని అది. ఒకప్పటి స్పెయిన్ లాటిన్‌లో అమ్మా అంటే దాది, దాని నుంచి ఆమా పుట్టింది. విచిత్రమేమంటే యజమాని అనే అర్థమున్న ఆమో అనే పుంలింగం ఈ ఆమా నుంచే తయారైంది. అంటే పాలిచ్చిన మనిషి పేరు నుంచి దొర పేరు పుట్టింది.

నిజమైన చుట్టరికం కావాలంటే ఆయాను చూడండి. అది పోర్చుగీసు ఆయ, స్పానిష్ ఆయా, లాటిన్‌లో అమ్మమ్మ అనే అర్థమున్న ఆవియా నుంచి వచ్చిందంటారు. పోర్చుగీసువారి ఓడల్లో దిగి, ఇంగ్లీషువారి బంగళాల్లో పిల్లలను ఎత్తుకుని, చివరకు మన అంగన్‌వాడీకి చేరింది. మా ప్రసూతి వార్డులో అందరూ దానికి అమ్మను కూడా తగిలించి ఆయమ్మ అంటారు. లాటిన్ అమ్మమ్మకు తెలుగు అమ్మ తోడయిందన్నమాట.

విశాఖపట్నం నుంచి:
అంటే ఆమా, అమ్మ కాదని మీరు అంటున్నారు, ఆయమ్మలో మాత్రం అమ్మ ఉందని ఒప్పుకుంటున్నారు. నా సిద్ధాంతంలో సగం నిలిచింది, చాలు.

అడిగినవారు, శాన్ ఆంటోనియో నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. దోన్సెయాకు కన్నె ఖాయం చేసుకున్నాను. దుయెన్యాకు ఇంకా మాట దొరకలేదు. పెద్దదాసి అంటే ఆవిడ నన్నూ వెల్లుల్లి తిట్టే తిడుతుంది. అయితే నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. మూడు పాఠాల్లో గుర్రాన్ని దోన్సెయాలు, ప్రిన్సేసాలు, దుయెన్యాలు చూసుకున్నారు. వీటిలో దేన్ని నమ్మాలి?

మాడ్రిడ్ నుంచి:
గుర్రం సంగతి చెప్పలేను కాని, గాడిద సంగతి రెండవ భాగం 33వ అధ్యాయంలో ఉంది. దోన్యా రొద్రీగెస్ కాదన్న గాడిదను దయచేసి చూసుకోమని సాంచో డ్యూక్ గారి భార్య డచెస్‌నే అడుగుతాడు. ఆవిడ దాన్ని తన "నీన్యాస్ దె లోస్ ఓహోస్" మీద పెట్టుకుంటానంటుంది. నీన్యా అంటే చిన్నపిల్ల, ఆయా పనిచేసే నీన్యేరా కూడా ఆ మాట నుంచే వచ్చింది. కంటిలోని చిన్నపిల్ల అంటే మన కంటిపాపే, ఇక్కడ అనువాదానికి ఏ తిప్పలూ లేవు. అయితే సాంచో ఒప్పుకోడు. అమ్మగారి కంటిపాపల మీద ఒక్క క్షణం ఉండడానికి కూడా తనూ తగడు, గాడిదా తగదు, లాయంలో ఉంటే చాలునంటాడు.