ఎర్రగడ్డలో కొన్న వీడియో గేమ్ డబ్బా: కలెక్షనా, చెత్తా?

కాంట్రా_కుర్రోడు
అందరికీ నమస్కారం. ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో ఒక పాత టీవీ వీడియో గేమ్ దొరికింది. బయటికి సేగా మెగా డ్రైవ్‌లా నల్లగా ఉంది, లోపల మాత్రం నింటెండో వాళ్ల పాత గేమ్ మెషీను ఫామికాంకు నకలు, అంటే క్లోనే. రెండు రిమోట్లు, ఒక గన్, "9999 ఇన్ 1" క్యాసెట్. పదిహేను వందలు చెప్పి తొమ్మిది వందలకు దిగాడు. ఇంట్లో ఏవీ వైరు పెడితే బొమ్మ వచ్చింది, వెనక సన్నగా గుయ్‌మని శబ్దం వస్తోంది. ఫొటో మన వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన "ఇది కలెక్షన్ కాదు, చెత్త. ఆ డబ్బులు దాచుకుని అసలు ఫామికాం కొనుక్కో" అన్నారు. నా షెల్ఫులో పీఎస్2, గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఉన్నాయి. వాటి పక్కన దీన్ని పెట్టుకుంటే తప్పా?

పీఎస్2_పిచ్చి
పెట్టేసుకో బ్రో. షెల్ఫు నీది.

జపాన్_డబ్బా
గ్రూపులో ఆ మాట అన్నది నేనే, ఇక్కడా అదే అంటాను. తమ్ముడూ, నీ మీద కోపం కాదు. పాత ప్లాస్టిక్ పోగేస్తే కలెక్షన్ అయిపోదు. 1983 జూలై 15న జపాన్‌లో వచ్చిన ఫామికాంలో రికో కంపెనీ చేసిన రెండు చిప్పులుంటాయి, ఒకటి లెక్కలు చేసేది, ఇంకోటి బొమ్మ గీసేది. రెండో కంట్రోలర్‌లో చిన్న మైకు ఉంటుంది. ఎవరు చేశారు, ఎందుకలా చేశారు అన్నదానికి సమాధానం దొరుకుతుంది.

నీ డబ్బా విప్పి చూడు. నల్లటి జిగురు చుక్క కింద అన్నీ కలిపి కుక్కేసిన ఒకే చిప్ ఉంటుంది. ఎవడు చేశాడో, ఏ ఏడు చేశాడో దాని మీద ఒక్క అక్షరం ఉండదు. ఇలాంటి చిప్పుల్లో చాలావాటిలో శబ్దం తరంగాలే తారుమారు, మారియో పాట గొంతు జలుబు చేసినట్టు వినిపిస్తుంది. ఇక ఆ 9999 సంగతి. వేర్వేరు గేములు లెక్కపెట్టు, పదుల్లో తేలుతాయి. మిగతావన్నీ అవే గేములు, మొదలయ్యే స్టేజ్ మార్చి కొత్త పేరు తగిలించినవి. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

సోల్డరింగ్_బాబాయ్
డబ్బా విప్పకుండానే లోపల జిగురు చుక్క ఉందని ఎలా చెప్పారండీ? గుడివాడలో టీవీ రిపేరు షాపు నాది. ఇలాంటివి నా బల్ల మీదికి లెక్కలేనన్ని వచ్చాయి. తొంభైల మొదట్లో వచ్చినవాటిలో జిగురు చుక్క ఉండదు. తైవాన్ యూఎంసీ కంపెనీవి యూఏ6527పీ, యూఏ6538 అని నంబర్లు వేసిన రెండు వేర్వేరు చిప్పులు ఉంటాయి.

ఆ చిప్పులు గుడ్డిగా కాపీ కొట్టినవి కావు. మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 ఫ్రేములు. జపాన్‌వి 60. నింటెండో సొంతంగా యూరప్‌లో అమ్మిన పాల్ నెస్‌లో (ఫామికాంకే విదేశాల్లో పేరు నెస్) ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్ నుంచి 1.66కి పడిపోయింది, సంగీతం శ్రుతి తగ్గింది. జపాన్ క్యాసెట్లు కొన్ని అందులో సరిగా ఆడవు. తైవాన్ వాళ్లు దాన్ని 1.77 దగ్గర నిలబెట్టి, జపాన్ క్యాసెట్ మన టీవీలో గొడవ లేకుండా ఆడేటట్టు లోపలి టైమింగ్ మార్చారు. రష్యాలో డెండీ పేరుతో 1992లో అమ్మినదీ ఇదే రకం. రష్యా వాళ్లు దాన్ని ఇప్పుడు ముద్దుగా దాచుకుంటున్నారు. మనం దాచుకుంటే చెత్త అయిందా?

జపాన్_డబ్బా
టైమింగ్ మార్చినా ఫ్రేములు 50 ఫ్రేములే కదా? గేము ఫ్రేముల లెక్కన నడుస్తుంది. అంటే 60 చోట 50, ఆరింట ఒక వంతు నెమ్మది. మీరు ఆడింది నీరసంగా పరిగెత్తే మారియో. దానికి టెక్నాలజీ పేరు పెట్టి గొప్ప చేయకండి.

సోల్డరింగ్_బాబాయ్
శ్రుతి గురించి నేను చెప్పింది తప్పా?

జపాన్_డబ్బా
శ్రుతి కాదు, వేగం అంటున్నాను.

సోల్డరింగ్_బాబాయ్
నేను శ్రుతి అన్నాను. ముందు దానికి సమాధానం చెప్పండి.

పీఎస్2_పిచ్చి
ఇద్దరూ ఒకే మాట అంటున్నారు సార్ 😄

ఎమ్యులేటర్_ఏకలవ్య
ఈ గేములన్నీ ఫోన్లో ఆడుకోవచ్చు. 60 ఫ్రేములు, రంగులు సరిగ్గా, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్. తొమ్మిది వందలు మిగులు.

బందరు_లడ్డు
అన్నా, గన్ పనిచేస్తోందా? డక్ హంట్ ఆడావా?

కాంట్రా_కుర్రోడు
@బందరు_లడ్డు లేదన్నా, నా దగ్గర ఎల్ఈడీ టీవీ ఉంది. బాతు మీద ఎంత కాల్చినా తగలట్లేదు.

సోల్డరింగ్_బాబాయ్
తగలదు బాబూ. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వస్తుంది. గన్‌లోని సెన్సారు ఆ వెలుగును ఆ క్షణంలోనే చూడాలి. ఎల్ఈడీ టీవీ బొమ్మను ఆలస్యంగా చూపిస్తుంది, వెలుగు తీరు కూడా వేరు. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉండాల్సిందే. అవేమో ఇప్పుడు మంచివి కనిపిస్తే చాలు, కలెక్టర్లు ఒక్కొక్కరు మూడేసి ఎత్తుకుపోతున్నారు. ఒకటి ఆడటానికి, రెండు దుమ్ము పట్టడానికి. నా దగ్గరకొచ్చే పిల్లలకు చూపిద్దామంటే ఒక్కటి మిగలడం లేదు.

జపాన్_డబ్బా
నా గురించే అయితే సూటిగా అనండి. అవును, మూడున్నాయి. పారేస్తుంటే తెచ్చుకున్నాను. నేను తేకపోతే తుక్కు కొట్టుకు పోయేవి.

సోల్డరింగ్_బాబాయ్
సూటిగానే అడుగుతాను. మీ ఫామికాంలో ఉన్నది యాంటెనా సిగ్నల్ ఒక్కటే, అదీ జపాన్ చానెళ్లకు, అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీ పద్ధతిలో. మన టీవీలో నేరుగా రాదు. అడాప్టరేమో వంద వోల్టులది, మన ప్లగ్గులో పెడితే పొగ. అంటే మీరు బోర్డు మీద వైర్లు అతికించి, ఏవీ వైరు పనిచేసేలా మార్పు (ఏవీ మాడ్) చేయించి ఉంటారు, అడాప్టర్ మార్చి ఉంటారు. అది 1983 నాటి వస్తువుగానే ఉందా?

జపాన్_డబ్బా
మాడ్ చేయించాను. తీసిన భాగాలు కవర్లో వేసి, ఏ పిన్నుకు ఏది ఉండేదో రాసి పెట్టాను. ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు. రెండూ ఒకటే అంటారా?

రెట్రో_రేటు
గొడవలు ఆపి ధర సంగతి చూడండి. 2021 జూలైలో సీల్ తీయని సూపర్ మారియో 64 వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. ఆగస్టులో సూపర్ మారియో బ్రదర్స్ వేలం బయట 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. క్లోన్ల మీద పెట్టిన పైసా తిరిగి రాదు.

సోల్డరింగ్_బాబాయ్
సీల్ తీయని గేముకు పదిహేను లక్షల డాలర్లు! ఆడనేలేదు, అందులో ఉన్నది గేమని ఎలా తెలిసిందయ్యా వాళ్లకి?

జపాన్_డబ్బా
ఆ వేలం గాళ్లంటే నాకూ అసహ్యమే. నేను ఆడతాను.

అసలు విషయానికి వస్తాను. మనందరం "ట్యాంకు గేమ్" అనే బ్యాటిల్ సిటీ ఉంది కదా. నామ్కో కంపెనీ 1985లో చేసింది. అసలు క్యాసెట్ పెడితే మొదటి తెరలోనే కంపెనీ పేరు, సంవత్సరం కనిపిస్తాయి. దాన్నే మార్చి ట్యాంక్ 1990 అని దొంగ క్యాసెట్లు వదిలారు. కుర్రోడా, నీ క్యాసెట్‌లో ఏ గేమైనా తెరిచి చూడు. చాలావాటిలో కింద ఉండాల్సిన కాపీరైట్ వరుస ఖాళీగా ఉంటుంది. ఎవరో కూర్చుని, పని పెట్టుకుని, ఒక్కో గేములో చేసినవాళ్ల పేరు చెరిపేశారు. నేను చెత్త అన్నది ప్లాస్టిక్ నాసిరకమని కాదు, ఇందుకు.

సోల్డరింగ్_బాబాయ్
బ్యాటిల్ సిటీ అన్నారు కాబట్టి చెబుతున్నా. ఆ గేమును నెస్ మీద అమెరికాలో అసలు విడుదలే చేయలేదు. అక్కడి పిల్లలకు నింటెండో ఇవ్వని గేము గుడివాడ పిల్లలకు తెలుసు. ఎవరి వల్ల? మీరు దొంగలు అంటున్నవాళ్ల వల్లే. ఆ రోజుల్లో మన ఊళ్లలో షాపుకు వెళ్లి అసలు నింటెండో బిల్లుతో కొన్న పిల్లాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

పేర్లంటారా? ఆ కంపెనీలే తమ మనుషుల పేర్లు వేయనిచ్చేవి కావు. పక్క కంపెనీ వాడు ఎగరేసుకుపోతాడని భయం. 1986 నాటి జెల్డా గేము పూర్తి చేసి చివరి తెర చూడండి. దాన్ని చేసిన మియమోటో పేరు ఉండదు, "ఎస్. మియాహోన్" అని ఉంటుంది. పక్కన "టెన్ టెన్" అట. ముందు చెరిపింది ఎవరు?

పీఎస్2_పిచ్చి
ఓహో, ఇది నాకు తెలియదు.

జపాన్_డబ్బా
తెలుసు. అది సమర్థన ఎలా అవుతుంది? కంపెనీ మారుపేరు పెట్టించింది, దొంగ ఆ మారుపేరు పెట్టించిన కంపెనీ పేరు కూడా తీసేశాడు. రెండుసార్లు పోయింది. మీకు నవ్వులాటగా ఉంది కాబట్టి చెబుతున్నాను. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఒక కంపెనీలో నేను మొదటి నుంచీ రాసిన ప్రోగ్రామును నేను బయటికొచ్చాక వేరేవాళ్ల పేరు మీద చూపించుకున్నారు. కోడ్ పైన నేను పెట్టుకున్న నా పేరు వరుస తీసేశారు. లోపలి లాజిక్ చుక్క మార్చలేదు, ఆ ఒక్క వరుసే. అప్పటి నుంచి ఖాళీగా ఉన్న ఆ మొదటి తెర చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొంగ సరుకును దొంగ సరుకు అనడానికి నాకు మొహమాటం లేదు.

సోల్డరింగ్_బాబాయ్
దొంగ సరుకు అన్నారు, సరే. ఇప్పుడు నేనూ చెబుతాను.

రిపేరు షాపు కంటే ముందు మా నాన్న నడిపింది వీడియో గేమ్ షాపు. మూడు టీవీలు, మూడు డబ్బాలు, గంటకు ఐదు రూపాయలు. సినిమా హాలు సందులో. నా పాలిటెక్నిక్ ఫీజు దాని మీదే కట్టారు. అడాప్టర్లు కాలితే ఎలా కట్టాలో నేర్చుకున్నది అక్కడే, ఇవాళ నేను తినే తిండి ఆ పనిదే. ఒక రోజు ఎవరో వచ్చి ఇదంతా దొంగ సరుకు, పోలీసులకు చెబుతామని బెదిరించి మా నాన్న దగ్గర డబ్బులు తీసుకుపోయారు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఆయన షాపు మూసేశారు. జపాన్‌లో ఎవడికో న్యాయం జరిగిందా దానివల్ల? ఒక్క పైసా వెళ్లిందా నామ్కోకి? మీకు పేరు పోయిందండీ, ఒప్పుకుంటాను, అది చిన్న విషయం కాదు. మాకు బతుకుతెరువు పోయింది. మీరు ఆ మాట తేలిగ్గా వాడుతుంటే నాకు ఆ బెదిరించినవాళ్ల మొహాలు గుర్తొస్తున్నాయి.

అడ్మిన్
ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు కాబట్టి ఈ చర్చ మూయడం లేదు. పోలీసు కథలు ఇంకెవరూ మొదలుపెట్టొద్దు.

బందరు_లడ్డు
బాబాయ్, మా ఊళ్లోనూ అలాంటి షాపు ఉండేది. స్కూలు ఎగ్గొట్టి వెళ్లి దొరికిపోయేవాళ్లం.

జపాన్_డబ్బా
మీ నాన్నగారిని నేను ఏమీ అనలేదు. షాపు నడిపినవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. పేరు చెరిపి అచ్చు వేసినవాడి మీద ఉంది.

సోల్డరింగ్_బాబాయ్
వాడు అచ్చు వేయకపోతే షాపు లేదు. మీరు ఆ రెండింటినీ విడదీయగలరు, నేను విడదీయలేను.

ఎమ్యులేటర్_ఏకలవ్య
ఇంతకీ నా మాటకి సమాధానం ఎవరూ చెప్పలేదు. ఫోన్లో ఆడితే ఎవరి పేరూ పోదు, ఎవరి షాపూ మూతపడదు.

జపాన్_డబ్బా
@ఎమ్యులేటర్_ఏకలవ్య మీరు ఫోన్లో వేసుకున్న ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది? ఆడటానికి చాలు, సరే. కానీ అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్లు 2023లో లెక్క తీస్తే అక్కడ విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో లేవు. ఎవరో అసలు క్యాసెట్ దాచిపెట్టి చదివిస్తేనే మీ ఫైలు పుట్టింది.

కాంట్రా_కుర్రోడు
అందరూ చెప్పారు కదా అని రాత్రి డబ్బా విప్పాను. జపాన్ గారన్నట్టు జిగురు చుక్కే, యూఎంసీ నంబర్లు లేవు. కానీ క్యాసెట్ విప్పితే బోర్డు వెనక ఇంకుతో ఏదో నంబరు, చైనా అక్షరాలు ఉన్నాయి. మెనూలో ఒక గేము ఇంటర్నెట్లో ఎక్కడా దొరకట్లేదు. ట్యాంకు గేమే, కానీ గోడల బదులు కొబ్బరిచెట్లలాంటివి ఉన్నాయి.

జపాన్_డబ్బా
ఆ క్యాసెట్ నాకు కొరియర్ చెయ్యి. రీడర్‌తో చదివి పూర్తి కాపీ తీస్తాను. ఏ గేమును ఎక్కడ మార్చారో బైటు బైటు పోల్చి చూడవచ్చు. ఖర్చు నాది.

సోల్డరింగ్_బాబాయ్
చెత్త అన్నారు కదండీ మరి?

జపాన్_డబ్బా
డబ్బాను అన్నాను. ఇప్పటికీ అంటాను. ఆ క్యాసెట్ సాక్ష్యం. ఎవరు ఎవరిది చెరిపారో దానిలో ఉంటుంది.

సోల్డరింగ్_బాబాయ్
కుర్రోడా, క్యాసెట్ ఎక్కడికీ పంపకు. కొరియర్‌లో పోతే మళ్లీ రాదు. ఆయనకు అంత కావాలంటే రీడర్ పట్టుకుని హైదరాబాదు వచ్చి నీ ఎదురుగా తీసుకోమను. ఈలోగా ఆ గుయ్‌మనే శబ్దం సంగతి చూడు. ముందు అడాప్టర్ మార్చి చూడు. అప్పటికీ పోకపోతే కరెంటు వచ్చే చోట ఉన్న పెద్ద కెపాసిటర్ పై మూత ఉబ్బి ఉంటుంది. దాని మీద రాసిన విలువే చెప్పి కోఠీలో తెచ్చుకో, కొన్ని రూపాయల్లో అయిపోతుంది. వోల్టేజీ తక్కువది మాత్రం వేయకు.

జపాన్_డబ్బా
వచ్చే నెల హైదరాబాదు వస్తున్నాను. రీడర్ తెస్తాను. కాపీ తీశాక నెట్‌లో పెడతాను, పక్కన అసలు గేము, చేసిన కంపెనీ పేరుతో సహా. దానికి ఒప్పుకుంటేనే వస్తాను.

సోల్డరింగ్_బాబాయ్
ఏ ఊళ్లో ఏ అంగట్లో దొరికిందో కూడా రాయండి, అప్పుడు పెట్టండి.

జపాన్_డబ్బా
ఎర్రగడ్డ అని రాస్తాను. కలెక్షన్ అని మాత్రం రాయను.

కాంట్రా_కుర్రోడు
అడాప్టర్ మార్చాను, శబ్దం తగ్గింది కానీ పోలేదు. కెపాసిటర్ మీద 1000 అని ఉంది, పక్కన 10వి అని ఉంది. 16వి దొరికితే వేయొచ్చా బాబాయ్?

సోల్డరింగ్_బాబాయ్
వేయొచ్చు. మైనస్ గీత ఏ వైపుందో చూసుకుని పెట్టు.