సెప్టెంబర్ 11 సంస్మరణ కచేరీలో ‘జ్వాలల’ భాగం పాడాలా, వదిలేయాలా?

బాస్ వరుస (న్యూజెర్సీ):
మా ఊరి బృందగాన సంఘం ఈసారి 2001 సెప్టెంబర్ 11 దాడుల సంస్మరణకు మోజార్ట్ ‘రిక్వియం’ (చనిపోయినవారి కోసం పాడే కాథలిక్ ప్రార్థనా సంగీతం) ఎంచుకుంది. మాలో ఎవరికీ సంగీతం వృత్తి కాదు. లాటిన్ మాటలకు అర్థం తెలియకుండానే మూడు వారాలు సాధన చేశాను. పోయిన వారం ‘కన్ఫుటాటిస్’ భాగానికి అర్థం చదివాను: శాపగ్రస్తుల నోరు మూయించి భయంకరమైన జ్వాలలకు అప్పగించే వేళ, నన్ను ధన్యులతో కలిపి పిలువు, అని. జ్వాలల మాట పాడేది మగ గొంతులం, అంటే పై స్థాయిలో పాడే టెనర్లమూ కింది స్థాయిలో పాడే బాస్‌లమూ. ఆ రోజు ప్రాణాలు కోల్పోయిన 2,977 మందిలో ఎందరో మంటల్లో పోయారు. వాళ్ల కుటుంబాలు ముందు వరుసల్లో కూర్చుంటాయి. వాళ్లను ఎదురుగా పెట్టుకుని ఆ మాట గొంతెత్తి పాడటం నా వల్ల కావడం లేదు. ఆ ఒక్క భాగం వదిలేయమని బృందాన్ని నడిపించే కండక్టర్‌ను అడగాలనుకుంటున్నాను. తప్పంటారా?

గుంటూరు ఆల్టో:
తప్పే అంటానండీ. చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో పెరిగినదాన్ని. మీరు మీ వరుస ఒక్కటే చదువుకున్నారు. మీ గొంతులు ఆగగానే ఆడ గొంతులం, సొప్రానోలూ ఆల్టోలూ అందుకుంటాం, బాగా దించి, ఊపిరి వినిపించేంత మెల్లగా: ‘వోకా మే’, నన్ను పిలువు. ఆ భయం ముందు వినకపోతే ఈ మొర ఎందుకు పెడుతున్నామో ఎవరికి తెలుస్తుంది? ఆ వెంటనే ‘లాక్రిమోసా’. 1791 డిసెంబర్‌లో కన్నుమూసేనాటికి మోజార్ట్ అందులో ఎనిమిది బార్లే (తాళపు గడులే) రాయగలిగాడు. ఆ కన్నీటి పాటకు దారి ఈ మంటల్లోంచే ఉంది.

పాత శ్రోత:
నేను బాస్ గారి వైపు. ఈ జ్వాలల చరణం తీర్పు దినం గురించిన ‘దియెస్ ఇరే’ అనే పాత స్తోత్రంలోది. రెండవ వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన సంస్కరణల్లో కాథలిక్ సంఘమే అంత్యక్రియల పూజ నుంచి దాన్ని తీసేసింది. అంతకు చాలా ముందే ఫ్రెంచ్ స్వరకర్త ఫోరే తన రిక్వియంలో ఆ తీర్పు భయాన్ని చాలావరకు పక్కన పెట్టాడు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ అయితే తన రిక్వియం కోసం బ్రతికున్నవారిని ఓదార్చే వాక్యాలే బైబిల్ నుంచి ఏరుకున్నాడు. 2001 సెప్టెంబర్ 20న కుర్ట్ మజూర్ నాయకత్వంలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం వినిపించింది ఆ బ్రామ్స్‌నే. మోజార్ట్‌ను ముక్కలు చేసే బదులు కృతినే మార్చండి.

గోదావరి ఒడ్డు:
మా నాన్నగారు పోయినప్పుడు ఇంట్లో రోజూ గరుడ పురాణం చదివించాం. వైతరణి, యమభటులు, నరకంలో శిక్షలు, అన్నీ ఉన్నాయి. మా అమ్మ గోడకు ఆనుకుని మొత్తం విన్నది. తన భర్తను ఎవరో నిందిస్తున్నారని ఒక్కసారి కూడా అనుకోలేదు. చావు ఇంట్లో భయం గురించి చదవడం మనకు కొత్త కాదు.

బాస్ వరుస:
మీ అమ్మగారి మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. కానీ ఆ పురాణం మీరు కోరి చదివించుకున్నారు. ఇక్కడికి వచ్చేవారు ఈ మాటలు కోరలేదు. పోయినవారిలో యూదులు, ముస్లింలు, హిందువులు కూడా ఉన్నారు. అర్థం లాటిన్‌లో ఉంది కాబట్టి ఎవరికీ తెలియదులే అనుకోవడం ఇంకా పెద్ద తప్పు.

క్వీన్స్ టెనర్:
2002లో మొదటి వర్ధంతి నాడు ప్రపంచమంతటా బృందగాయకులు, ఏ దేశంలో ఉన్నవారు ఆ దేశపు సమయం ప్రకారం ఉదయం సరిగ్గా 8:46కి, అంటే మొదటి విమానం టవర్‌ను ఢీకొన్న నిమిషానికి, ఇదే రిక్వియం మొదలుపెట్టారు. నేనూ పాడాను. మా వరుసలో నా పక్కన ఒక అగ్నిమాపక ఉద్యోగి ఉండేవారు. ఆ ఒక్కరోజే 343 మందిని పోగొట్టుకున్న శాఖ ఆయనది. ‘కన్ఫుటాటిస్’ రాగానే ఆయన స్వరాల పుస్తకం మూసి, వేలు పేజీ మధ్యలోనే ఉంచి నిలబడ్డారు. ‘లాక్రిమోసా’కు తెరిచి మళ్లీ పాడారు. కచేరీ అయ్యాక దాని గురించి ఎవరూ ఆయన్ను అడగలేదు.

బాస్ వరుస:
అలా కూడా చేయవచ్చని నాకు తోచలేదు. భాగం తీసేయమని అడగను. మాటల అర్థం మాత్రం కుటుంబాలకు ముందే పంపాలని, ఇష్టం లేనివారు ఆ కొద్ది నిమిషాలు బయట ఉండే వీలు కల్పించాలని గట్టిగా అడుగుతాను. గురువారం సాధన ఉంది. నేను పాడతానో, పుస్తకం మూస్తానో ఇంకా తేలలేదు.

గుంటూరు ఆల్టో:
మూసినా ఫరవాలేదండీ. మేము అందుకునేటప్పుడు మాత్రం తల ఎత్తి వినండి.