సీఈ గుర్తు ఉంటే ఆ బొమ్మ సురక్షితమేనా?

ప్రశ్న:
రెండేళ్ల పాపకి బొమ్మ కొనాలి. ఒకేలాంటి బొమ్మలు రెండు చూశాను, రెండూ దిగుమతి సరుకే. ఒకదాని పెట్టె మీద సీఈ, ఇంకోదాని మీద ఏఎస్‌టీఎం ఎఫ్963 అని ఉంది. దేన్ని నమ్మాలి? ఒకచోట పాసైంది ఇంకోచోట ఎందుకు ఫెయిలవుతుంది, విషం ఎక్కడైనా విషమే కదా?

జవాబు 1:
సీఈ అంటే ప్రభుత్వం పరీక్షించి వేసిన ముద్ర కాదండి. యూరప్ నియమాల ప్రకారం చేశామని తయారీదారు తనంతట తాను చెప్పుకునే మాట. ఈఎన్ 71 లాంటి అక్కడి బొమ్మల భద్రతా ప్రమాణాలను పూర్తిగా పాటిస్తే చాలా బొమ్మలకు బయటి ల్యాబ్ పరీక్ష తప్పనిసరి కాదు. ఏఎస్‌టీఎం ఎఫ్963 అనేది అమెరికా వాళ్ల బొమ్మల భద్రతా ప్రమాణం. అక్కడ మాత్రం, 2007లో సీసం ఉన్న రంగుల వల్ల బొమ్మలను పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నాక, 2008లో చట్టం మార్చి పిల్లల బొమ్మలకు గుర్తింపు పొందిన ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు.

ఇక పాస్, ఫెయిల్ సంగతి. సీసాన్నే తీసుకోండి. అమెరికాలో వస్తువులో మొత్తం ఎంత ఉందో కొలుస్తారు, పిల్లల చేతికి అందే భాగాల్లో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు) దాటకూడదు, రంగు పూతలో అయితే 90. యూరప్‌లో బొమ్మ నోట్లోకి వెళ్తే అందులోంచి ఎంత సీసం కరిగి బయటికొస్తుందో కొలుస్తారు. కొలిచే పద్ధతే వేరైనప్పుడు అదే బొమ్మకు రెండు ఫలితాలు రావడంలో వింత లేదు.

జవాబు 2:
సొంత హామీ అని తీసిపారేయకండి. సాంకేతిక పత్రాలు పదేళ్లు దాచాలి, అధికారులు అడిగితే చూపించాలి. అసలు భయం తయారీదారు ఎవరో తెలియని సరుకుతోనే. పేరు, చిరునామా లేని పెట్టె మీద ఏ గుర్తు ఉన్నా నేను కొనను. యూరప్‌లో 2021 జూలై 16 నుంచి, అక్కడ బాధ్యత తీసుకునే మనిషో సంస్థో లేకుండా ఇలాంటి సరుకు అమ్మకూడదు, ఆన్‌లైన్‌లో అయినా సరే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. ఒకదాని మీద మూడేళ్లు దాటిన వారికే అని కూడా రాసి ఉంది. మా పాప చురుకైనదే, ఇవ్వొచ్చా?

జవాబు 1:
వద్దండి! అది తెలివితేటల గురించి కాదు, గొంతులో ఇరుక్కునే ముక్కల గురించి. ఈ విషయంలో రెండు చోట్లా లెక్క ఒకటే: సుమారు 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టే ముక్క ఉంటే మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. బటన్ బ్యాటరీ ఉంటే దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో కూడా చూడండి, అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.