బిలస్వర్గం ఖడ్గమృగం, 'కాబట్టి' అన్న ఒక్క మాట

బురుజునీడ (కర్నూలు)
మా ఊరి హైస్కూల్లో స్థానిక చరిత్ర మీద ఒక గోడబోర్డు తయారు చేస్తున్నాం. ఒక వాక్యం దగ్గర కమిటీలోనే గొడవ వచ్చింది. నేను రాసింది ఇది: "బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహల్లో ఖడ్గమృగం ఎముకలు దొరికాయి కాబట్టి, రాయలసీమ ఒకప్పుడు ఎడతెగని వానలతో, చిత్తడి అడవులతో ఉండేది." ఆ 'కాబట్టి' తీసేయమని ఒకాయన పట్టుబట్టాడు. నేను తీయనన్నాను.

నా ఆధారం చెప్తాను. ఈ గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించారు. ఆ ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి మన ఊరి పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ఈరోజు ఖడ్గమృగాన్ని చూడాలంటే అస్సాంలోని కాజీరంగ పోవాలి. బురద, ఏనుగు మునిగేంత గడ్డి, ఏటా వరద. ఆ జంతువు ఇక్కడ తిరిగిందంటే ఇక్కడా అలాంటి నేలే ఉండాలి కదా? పుట్టినప్పటి నుంచి 'కరువు సీమ' అన్న మాట వింటూ పెరిగిన పిల్లలకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

జొన్నచేను (అనంతపురం)
అన్నా, కోరిక మంచిదే. కానీ కాజీరంగ ఖడ్గమృగానికి ఇష్టమైన చోటు అనుకోవడంలోనే పొరపాటుంది. అది మిగిలిపోయిన చోటు. బాబరు పెషావరు దగ్గర ఖడ్గమృగాన్ని వేటాడానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇది పదహారో శతాబ్దపు మాట. పెషావరు వానలు మన అనంతపురం వానలకంటే ఎక్కువేం కాదు. గుజరాత్‌లో లంఘ్నాజ్ అనే చోట పాతకాలపు మనుషుల దిబ్బలో ఖడ్గమృగం భుజం ఎముక దొరికింది. ఆఫ్రికాలో నల్ల ఖడ్గమృగం నమీబియా ఎడారి అంచుల్లో కూడా బతుకుతోంది. ఒక ఏరు, ఏటి పక్కన కాస్త గడ్డి, పడుకోవడానికి ఒక మడుగు ఉంటే మన దేశపు ఖడ్గమృగానికి చాలు. చుట్టూ ఉన్నది మెట్టనేలే అయినా ఫర్వాలేదు.

దానికి ఎడతెగని వానలు అక్కర్లేదు. అందుకే 'కాబట్టి' నిలబడదు.

నాపరాయి (బేతంచెర్ల)
నేను పాతికేళ్లుగా బండల పనిలో ఉన్నాను. చదువు తక్కువ, కానీ పొరలు రోజూ చూస్తాను. గుహ చూడడానికి వచ్చినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మీ నాపరాళ్లలో జంతువుల ఎముకలు వస్తాయా?" అని. రావు. ఆ రాయి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే అని జియాలజీ వాళ్లు చెప్తారు. పాలిచ్చే జంతువులు పుట్టి ఇరవై కోట్ల ఏళ్లు దాటింది, అంతే. రాయి పుట్టినప్పటికి వీటి వంశమే లేదు. రాయి వేరు, రాతిలో నీళ్లు తొలిచిన గుహ వేరు, ఆ గుహలోకి తర్వాత కొట్టుకొచ్చి నిండిన మన్ను వేరు. ఎముకలు ఆ మన్నులోవి. బోర్డు మీద ఇది రాయకపోతే పిల్లలు బండ మొత్తం ఖడ్గమృగం కాలానిది అనుకుంటారు.

ఇంకొక మాట. కింద ఉన్నది పాతది, మీద ఉన్నది కొత్తది అని అందరూ అంటారు. బావి తవ్వేటప్పుడు నేనూ అలాగే చూస్తాను: మీద మన్ను, కింద గరుసు, ఆ కింద సుద్ద. కానీ ఒకసారి మా చేలో పూడిపోయిన పాత బావి తోడించాం. మూడు మట్ల లోతులో మా అవ్వ కాలపు ఇత్తడి చెంబు దొరికింది. దానికి జానెడు కింద ఎరువుల ప్లాస్టిక్ సంచి ముక్క. పందికొక్కు బొరియ ఒకటి పైనుంచి దిగింది, వాననీళ్లతో పాటు సంచి ముక్క ఆ బొరియలోకి జారింది. బొరియ మన్ను రంగు చుట్టూ ఉన్న మన్నుకన్నా కాస్త నల్లగా ఉంది, చేత్తో నొక్కితే మెత్తగా ఉంది. మా కూలీ ఒకాయన అది చూపించకపోతే చెంబుకంటే సంచే పాతదని మేము ప్రమాణం చేసేవాళ్లం. గుహలో ఏదుపందులు ఉంటాయి. అవి బొరియలు తవ్వడమే కాదు, ఎక్కడెక్కడి ఎముకలో తెచ్చి పెట్టుకుని కొరుకుతాయి. మరి ఆ ఖడ్గమృగం ఏ పొరలోది అని ముందు అడగాలి.

బురుజునీడ (కర్నూలు)
రాయికీ మన్నుకీ తేడా బోర్డులో చేరుస్తాను, అన్నా. నాకు అది తట్టలేదు, థాంక్స్. కానీ పొరల సంగతి తేలకుండా లేదు కదా. 2014లో పాట్రిక్ రాబర్ట్స్ బృందం బిలస్వర్గం మీద పరిశోధన ప్రచురించింది. పొరపొరకూ కాలం కట్టి, కొన్ని జంతువులను రెండు లక్షల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లారు. పాతకాలంలో తడిగా ఉండేదని దాన్నిబట్టి చెప్పలేమా?

పెన్నగట్టు (కడప)
ఆ పరిశోధనే మీ వాక్యానికి ఎదురు తిరుగుతుంది సార్. వాళ్లు గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా ఇప్పటిదాకా మన దేశంలో కొనసాగుతున్నాయి. కొన్ని చోట్లు మారాయి, జాతి మాత్రం పోలేదు. యూరప్‌లో, అమెరికాలో మామత్‌ల వంటి పెద్ద జంతువులు తుడిచిపెట్టుకుపోయిన కాలమే ఇది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ లక్ష ఏళ్లలో వాతావరణం ఊరికే ఉందా? సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం నడిమధ్యన నైరుతి వానలు బాగా తగ్గాయి. 9,000 ఏళ్ల కిందట ఇప్పటికంటే ఎక్కువ కురిశాయి. మన జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతం బూడిద రెండు మీటర్లకు పైగా పేరుకుని ఉంది, సుమత్రా నుంచి వచ్చింది. ఇన్ని జరిగినా జంతువుల జాబితా దాదాపు మారలేదు. మారని జాబితాతో మారిన వాతావరణాన్ని ఎలా చెప్తారు? వాన పెరిగినా తగ్గినా ఒకే సమాధానం ఇచ్చే సాక్షిని నేను నమ్మను. క్షీరదాల ఎముకలు పాత వాతావరణం చెప్తాయన్న మాటనే ఇక్కడ నేను ఒప్పుకోను.

టీచరమ్మ (నంద్యాల)
పెన్నగట్టు గారూ, జాబితా వరకు మీరు చెప్పింది సరే. కానీ జాబితా ఒక్కటే సాక్షి కాదండీ. ఏ జంతువు ఉంది అన్నది ఒక ప్రశ్న, ఎన్ని ఉన్నాయి అన్నది ఇంకో ప్రశ్న. పెద్ద జంతువుల కంటే ఎలుకలు దీనికి బాగా పనికొస్తాయి.

పోయిన ఏడాది మా పాత స్కూలు భవనం అటక మీద గుడ్లగూబ కాపురం పెట్టింది. కింద నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు పడేవి. అది మింగిన ఎలుకల బొచ్చు, ఎముకలు అరగక కక్కేసినవి. తొమ్మిదో తరగతి పిల్లలతో పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక ఉండను నానబెట్టాను. బొచ్చు విడిపోయాక చిమటాతో తీస్తుంటే దవడ ఎముకలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, బియ్యపు గింజంత వెడల్పు. భూతద్దంలో చూస్తే ఎలుక దవడ పన్ను మీద గుండ్రటి బుడిపెలు వరసగా ఉన్నాయి, చుంచు పళ్ల కొసలు మాత్రం తెల్లగా సూదుల్లా ఉన్నాయి. ఒక అమ్మాయి లెక్కపెట్టి, "మేడమ్, ఒకే ఉండలో నాలుగు తలలు" అంది. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

గుహల్లో జరిగేది కూడా ఇదే. గుడ్లగూబలు తరతరాలుగా అక్కడే కక్కుతాయి, ఎలుకల పళ్లు పొరపొరలుగా పడతాయి. పొడి మైదానాల్లో ఉండే జెర్బిల్ ఎలుక పళ్లు ఒక పొరలో ఎక్కువ, తేమ నేల పందికొక్కు పళ్లు ఇంకో పొరలో ఎక్కువ, చెట్ల మీది ఉడుత ఇంకోచోట ఎక్కువ అయితే, జాబితా మారకపోయినా పాళ్లు మారాయి. ఆ పాళ్లే నేల ఎటు మొగ్గిందో చెప్తాయి.

పైగా పళ్ల లోపల కూడా ఉంటుంది సంగతి. జొన్న, సజ్జ, మన బీడుగడ్డి ఒక రకంగా కార్బన్‌ను పట్టుకుంటాయి, చెట్లూ వరీ కందీ ఇంకో రకంగా. తిన్నదాని గుర్తు పంటి మీది గట్టి పూతలో, అంటే ఎనామిల్‌లో, వేల ఏళ్లు ఉండిపోతుంది. వేడి ప్రాంతాల్లో ఎముకలోని మెత్తటి పదార్థం నశించినా ఎనామిల్ నిలుస్తుంది. పన్నును కొస నుంచి వేరు దాకా సన్నసన్నగా కోసి ఆక్సిజన్ రకాలు కొలిస్తే, ఆ జంతువు బతికిన వానాకాలం, ఎండాకాలం వరసగా కనిపిస్తాయి.

పెన్నగట్టు (కడప)
అమ్మా, ఎనామిల్ మాటకు విలువ ఇస్తాను. కానీ గడ్డి పెరిగిందంటే వాన తగ్గిందనే తీర్పు చెప్పలేం. మంచుయుగంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 180 పాళ్ల దాకా పడిపోయింది. ఆ గాలిలో చెట్లకంటే జొన్నజాతి గడ్డికే బతుకు సులువు. వాన అంతే ఉన్నా గడ్డి గెలుస్తుంది. మనుషులు నిప్పు పెట్టినా గడ్డే గెలుస్తుంది. ఆక్సిజన్ కొలత అయితే మీ వైపే నిలుస్తుంది, అది కాదనను. జాబితాను నమ్మనన్న నా మాట అలాగే ఉంది. క్షీరదాలు అసలు ఏమీ చెప్పవన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

గుడ్లగూబ గురించి ఒకటి. అది గూటి నుంచి కొద్ది కిలోమీటర్లే తిరుగుతుంది. మరి ఆ ఎలుకలు చెప్పేది ఎంత దూరం నేల గురించి?

జొన్నచేను (అనంతపురం)
అదే అసలు సంగతి. ఈరోజే చూడండి: నల్లమలలో కణుజు, పులి. రోళ్లపాడు గడ్డిలో కృష్ణజింక. రెండూ ఒకే వాతావరణం కింద, ఒక పూట బస్సు ప్రయాణంలో ఉన్నాయి. ఏదైనా గుహలో కణుజు ఎముక, జింక ఎముక పక్కపక్కన పడితే రేపెవరో "అడవి పోయి మైదానం వచ్చింది" అని రాస్తారు. ఎక్కడి కొండకు ఎక్కడి చేనుకు తేడా ఉందో చూడకుండా సీమ అంతటినీ ఒక్క ఎముకతో కొలవకూడదు.

బురుజునీడ (కర్నూలు)
రెండు రోజులు ఆలోచించాను. మనసుకు కష్టంగానే ఉంది. కరువు మన నుదుట రాసిన రాత కాదని పిల్లలకు చూపించడానికి ఒక గొప్ప జంతువు దొరికిందనుకున్నాను. అది నిజం కాకపోతే పిల్లలకు చెప్పకూడదు. కొత్త వాక్యం పెడుతున్నాను, చూడండి:

"ఈ గుహల మన్నులో ఖడ్గమృగం, జింకలు, ఎలుకలు వంటి జంతువుల ఎముకలు పొరలు పొరలుగా దొరికాయి. ఏ పొరలో ఏ జంతువు ఎంత ఉందో, పళ్లలో ఏం మిగిలిందో చూసి, రాయలసీమలో పాత వానలు ఎలా ఉండేవో శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు."

నాపరాయి (బేతంచెర్ల)
బాగుంది. దాని కింద ఇంకొకటి పెట్టు అన్నా: "గుహలో మన్ను తవ్వకండి, ఎముక కనిపిస్తే తీయకుండా ఫోటో తీసి చెప్పండి." గుప్తనిధుల కోసం తవ్వినవాళ్లను, పొలాల ఎరువు కోసం గబ్బిలాల పేడ తవ్వినవాళ్లను నా కళ్లతో చూశాను. ఒకసారి కలిసిపోయిన పొరలను విడదీసే పార ఎవరి దగ్గరా లేదు.

పెన్నగట్టు (కడప)
'రాయలసీమలో' తీసి 'ఈ గుహ చుట్టుపక్కల' అని పెట్టండి సార్.

బురుజునీడ (కర్నూలు)
పెట్టాను. తవ్వొద్దన్న మాట ఎర్ర అక్షరాల్లో రాయిస్తున్నాను. టీచరమ్మా, ఆ ఉండలు ఇంకా ఉంటే ఒకటి మా స్కూలుకు దాచి పెట్టండి, శనివారం నంద్యాల వస్తున్నాను.