పెద్దంచు కంచిపట్టు: కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుంటున్నాయి, ఏం చేయాలి?

గోరింటాకు:
ఎత్తు 5 అడుగులు. పెళ్ళికి తీసిన కంచిపట్టు చీరకి 10 అంగుళాల జరీ అంచు ఉంది. 8 కుచ్చిళ్ళు పోసి కట్టి చూస్తే కిందికి వాలడం లేదు, ముందుకి ఉబ్బుతున్నాయి. లోపల శాటిన్ లంగా. ఫాల్ ఇంకా వేయించలేదు. జాకెట్టుకి మగ్గం వర్క్ చేయించాలనుంది. సలహా చెప్పండి.

సూదీదారం:
ఫాల్ లేకుండా కట్టి చీరని తప్పుపట్టకండి. అంచుకి బరువిచ్చి కిందికి లాగేది అదే. నూలు ఫాల్ అయితే ముందు గంటసేపు నీళ్ళలో నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. లేదంటే తర్వాత ఫాల్ కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. చేతికుట్టే వేయించండి, దారం బిగించి లాగకూడదు.

ఇక 8 కుచ్చిళ్ళు జార్జెట్ లాంటి పల్చటి బట్ట లెక్క. మందం పట్టుకి 5, మహా అయితే 6 చాలు. ఒక్కోటి నాలుగంగుళాలకి బదులు అయిదంగుళాల వెడల్పు పెట్టండి. ఆరు పోస్తే పట్టే బట్ట దాదాపు అంతే, పొరలు తగ్గుతాయి. శాటిన్ లంగా మీద పట్టు జారుతుంది. గేరు (కింది వెడల్పు) తక్కువున్న నూలు లంగా వేసుకుని, బొందు గట్టిగా కట్టుకోండి.

నూలుపోగు:
పైవారి మాటకి తోడు, కట్టే క్రమం కూడా ముఖ్యం. చెప్పులు వేసుకున్నాకే ఎత్తు చూసుకోవాలి. ఒక చుట్టు దోపి, ముందు పైట మడతలు సర్ది భుజం దగ్గర పిన్ను పెట్టేయండి. నడుము దగ్గర మిగిలిన బట్టతోనే కుచ్చిళ్ళు పోయాలి. ముందే కుచ్చిళ్ళు దోపేస్తే పైట సర్దినప్పుడల్లా అవి లాగబడి వదులవుతాయి. బొడ్డుకి నాలుగంగుళాల కింద లోపలివైపు నుంచి అన్నీ కలిపి ఒక పిన్ను. పిన్ను చుట్ట దగ్గర చిన్న పూస గుచ్చుకుంటే పట్టు పోగులు అందులో ఇరుక్కోవు.

ముందురోజు కుచ్చిళ్ళు ఇస్త్రీ చేయించొచ్చు. ఉల్టా వైపు, పైన నూలు గుడ్డ పరిచి, మధ్యస్థ వేడి మీద. నీళ్ళు చిలకరించారంటే మరకలే. అలా మడిచిన చీరని నెలలకొద్దీ బీరువాలో ఉంచొద్దు, మడత దగ్గర జరీ విరుగుతుంది.

గోరింటాకు:
పొట్టిగా కనిపిస్తానేమోనన్న భయం మాత్రం పోలేదు. జాకెట్టు సంగతి?

కలంకారీ:
అంచు ఎలాగూ తగ్గదు కాబట్టి పైట దగ్గర చూసుకోండి. మడతలు నాలుగంగుళాల లోపు సన్నగా పెట్టి, కొస మోకాలి కిందికి దిగేలా వదిలితే నిలువు గీతలా పడి పొడుగ్గా అనిపిస్తుంది. ఒంటిపొర పైట ఈ అంచుకి నప్పదని నా ఉద్దేశం.

మగ్గం వర్క్ చేతులకీ వీపుకీ చేయించండి, ఎడమ భుజం మాత్రం ఖాళీగా వదిలేయమనండి. అది ఎలాగూ పైట కింద దాగుతుంది, పైగా ఆ వర్క్‌లోని జర్దోసీ (లోహపు తీగ) చుట్టలు పట్టుని గీరి పోగులు లేపుతాయి. జాకెట్టు ఆస్తరు (లైనింగ్) బట్టని కూడా తడిపి ఆరేశాకే కత్తిరించాలి. పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదలమని టైలర్‌కి గట్టిగా చెప్పండి, అడక్కపోతే చాలామంది కత్తిరించేస్తారు.

సూదీదారం:
వడ్డాణం పెడితే రాళ్ళ అంచులు వెనకవైపు గరుగ్గా ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. ఉంటే లోపలివైపు మెత్తటి గుడ్డపట్టీ కుట్టించాలి. ఇక వ్రతానికి, నేల మీద గంటలతరబడి కూర్చోవాల్సిన పూజలకి ఈ చీర వద్దు. నూలు ఒళ్ళు, పట్టు అంచు ఉన్న గద్వాల చీర హాయి.