యూనివర్సిటీ ఫిలాసఫీ సెమినార్లకు బయటివాళ్లు వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. మందుల షాపు నడుపుతాను, చదివింది బీఫార్మసీ. రెండేళ్లుగా మాత్రం బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి మాధ్యమిక వాదం (దేనికీ సొంత స్వభావం లేదనే శూన్యవాదం) పిచ్చి పట్టుకుంది. ఉంది, లేదు, ఉండీ లేదు, రెండూ కాదు అనే చతుష్కోటి దగ్గరే ఆగిపోయాను. యూట్యూబ్‌లో ఉపన్యాసాలు వింటే తలనొప్పే మిగిలింది (మాత్రలకు కొదవ లేదనుకోండి).

ఆయన పేరు పెట్టుకున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం మాకు పక్కనే, నంబూరు దగ్గర. అక్కడ మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం కూడా ఉంది. ఇలాంటి చోట్ల సెమినార్లు జరిగితే బయటివాళ్లను కూర్చోనిస్తారా? తేదీలు ముందుగా ఎలా తెలుస్తాయి? పోయినేడాది వేరే ఊళ్లో ఒక సదస్సుకు వెళ్తే "ఏ కాలేజీ తరఫున వచ్చారు?" అన్నారు. నోరు పెగల్లేదు, వెనక్కి వచ్చేశాను.

ఇంకోటి. నవంబరు మూడో గురువారం ప్రపంచ తత్వశాస్త్ర దినోత్సవం కదా, అప్పుడు విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఎక్కడైనా ఉపన్యాసాలు పెడతారా? షాపులో మా తమ్ముణ్ని కూర్చోబెట్టి వస్తాను. పరిశోధన పేపరు సమర్పించే ఉద్దేశమేమీ లేదు. వెనక వరసలో కూర్చుని వింటాను, వీలైతే ఒక్క ప్రశ్న అడుగుతాను. తెలుగులో అడిగితే ఏమైనా అనుకుంటారా?